మేకకు పోసిన ఒడిబియ్యం

తెలంగాణ వచ్చిన నాలుగేండ్లకు, ఎండలు ముదిరి కాలేజీలకు సెలవులిచ్చిన వారంలో, నల్గొండలోని రోజారమణి ఇంటికి సంధ్య అనే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెప్తుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా జిరాక్సు కాగితాలు. మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూనే వచ్చిన పని మొదలుపెట్టింది.

"మేడమ్, మన పాత నల్గొండ, పాలమూరు జిల్లాల ఆడవాళ్ళు రాసిన చిన్నచిన్న కథలన్నీ ఒక పుస్తకం తెస్తున్నం. పేజీ దాటనివి. కార్డు కథలు, మినీ కథలు, ఏ పేరుతోని అచ్చయినా సరే. పెద్ద కథలు రాసినోళ్ళ గురించి అందరు మాట్లాడిన్రు. వీటిని ఎవ్వరు లెక్కల పెట్టలే. రాసింది ఎక్కువ ఆడవాళ్ళు గద, అందుకేనేమో."

తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరైన రోజారమణికి ఆ మాటలు వింటుంటే ఎవరో వేరే మనిషి సంగతి చెప్తున్నట్టు అనిపించింది. "నేను రాయక ఎన్నేండ్లాయెనో బిడ్డా. నా పేరు నీకెవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే మేడమ్. గ్రంథాలయంల పాత వారపత్రికల కట్టలు విప్పితే మీరే దొరికిన్రు." సంధ్య ఒక కాగితం తీసి ముందు పెట్టింది. "దీంతోనే పుస్తకం మొదలుపెడ్దామనుకుంటున్న."

రోజారమణి కళ్ళద్దాలు పెట్టుకుంది. పేజీ అడుగున, ఒక నూనె ప్రకటన పక్కన, అరచేతి వెడల్పు జాగాలో కథ. కథ పేరు 'సారె'. కింద తన పేరు.

చదువుతుంటే ముఖం మారిపోయింది. ఆ కథకు తను పెట్టిన పేరు 'ఒడిబియ్యం'. ఆడబిడ్డ పుట్టింటికి వస్తే పంపేటప్పుడు పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. ఈ దిక్కు ఆడవాళ్ళకు అంతకు మించిన మర్యాద లేదు. ఆ పేరు పత్రిక వాళ్ళకు తెలియలేదో, తెలిసినా నచ్చలేదో, కొట్టేసి సారె అని పెట్టారు. పేరు ఒక్కటేనా? 'పొద్దుగూకె' అన్నది 'సాయంసంధ్య వేళయింది' అయింది. 'జర ఆగు అన్నా' అన్నది 'కాస్త ఆగండి అన్నయ్యగారూ' అయింది.

కథ చిన్నది. ఒకామె ప్రాణంగా పెంచుకున్న మేకను మొగుడు అంగట్లో అమ్ముకొస్తాడు. పొద్దుగూకే వేళకు మేక తాడు తెంపుకొని ఇంటికి తిరిగొస్తుంది. తెల్లారి కొన్నతను దాన్ని పట్టుకపోవడానికి వస్తాడు. ఆమె అతన్ని జర ఆగమని, లోపలికి పోయి, మేక నుదుట బొట్టు పెట్టి, చేటలో పసుపు బియ్యం పోసి దాని ముందు పెడుతుంది. "మేకకు ఒడిబియ్యమేందే, పిచ్చి గిన లేసిందా?" అని మొగుడు నవ్వుతాడు. "పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను ఉత్తగ తోలుతరా? నాకైతే పోసేటోళ్ళు లేకపాయె" అంటుంది ఆమె. మేక బియ్యం తింటూ ఉంటుంది. అక్కడితో అయిపోతుంది.

అచ్చులో మాత్రం ఆమె మేక ముందు రవికెగుడ్డ పెట్టింది.

"రవికెగుడ్డ!" అంది రోజారమణి. "మేక ముంగట రవికెగుడ్డ ఎందుకు పెడ్తరమ్మా ఎవరన్న?"

లోపలి నుంచి చాయ తెస్తున్న ఆమె భర్త రాంచందర్ వినేశాడు. "పెడితె అది గూడ తింటది తియ్యి, మేక ఏదిడుస్తది?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగినాక సంధ్య మెల్లగా అడిగింది. "మీరు రాసిన అసలుది ఉన్నదా మేడమ్? ఉంటే గదే వేద్దాం. ఇప్పుడు మన భాషను కొట్టేసేటోళ్ళెవ్వరు లేరు."

లేదు. అప్పట్లో తన దగ్గర ఉన్నదొక్కటే ప్రతి. అది పత్రికకు పోయింది. పత్రిక ఆఫీసులో చెత్తబుట్టకు పోయింది. "మల్ల రాసియ్యున్రి" అని సంధ్య వేడుకుంది. సంధ్య పోయినాక రోజారమణి కాగితం ముందేసుకొని కూర్చుంది. వాక్యం రాసి, చదివి, కొట్టేసింది. ఎన్నో ఏండ్లు పిల్లలకు వ్యాకరణం చెప్పిన చేయి కదా, ఆమె ఎంత వద్దనుకున్నా కలం పుస్తకాల భాష వైపే లాగుతోంది. ఆ కథ రాసిననాడు తనే అయిన ఆ పిల్ల ఎట్లా మాట్లాడేదో ఇప్పుడు తనకే అందడం లేదు.

ఆ పిల్ల చండూరు దగ్గరి ఒక పల్లెకు కోడలిగా వచ్చింది. సాలెవాళ్ళ ఇల్లు. గడప దాటగానే మగ్గం, మగ్గం పక్కన అత్త శారదమ్మ రాట్నం. తెల్లారి మొదలైతే దీపం పెట్టే దాకా ఆ ఇంట్లో టకటకమని మగ్గం చప్పుడు, గిరగిరమని రాట్నం చప్పుడు. అప్పటికే పండిత శిక్షణ పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజారమణి పొయ్యి మీద ఎసరు కాగే లోపల, నూలుకు గంజి ఆరే లోపల, దొరికిన కాస్త సందులో పోస్టుకార్డు మీద కథ రాసేది. కార్డు నిండితే కథ అయిపోవాలి. అట్లని ఎవరూ నియమం పెట్టలేదు. రెండో కార్డు కొనుక్కోవడానికి ఎవరిని అడగాలి? రెండో కార్డు నిండే దాకా పొయ్యి ఎవరు చూడాలి?

కార్డులు పోయేది కల్వకుర్తికి. అక్కడ శైలజ ఉంది. శిక్షణలో ఇద్దరిదీ ఒకే గది, ఒకే బొగ్గుల పొయ్యి. శైలజది గొర్లకాపరుల ఇల్లు. వాళ్ళ వంశంలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల. ఎవరి పెళ్ళిళ్ళు వాళ్ళకయ్యాక ఇద్దరికీ మధ్య మాటలన్నీ కార్డు కథలే అయ్యాయి. ఆమె ఒకటి రాసి పంపితే ఈమె ఇంకొకటి. బాగుందని రెండో ఆమె ఒప్పుకుంటేనే దాన్ని తెల్లకాగితం మీద ఎత్తిరాసి పత్రికకు పంపాలి. అది వాళ్ళ ఒప్పందం.

నిజానికి రోజారమణి కథకు మొదటి పరీక్ష శైలజ దగ్గర కాదు, శారదమ్మ దగ్గర. శారదమ్మకు అక్షరం ముక్క రాదు. కోడలు గోడవారగా కూర్చొని గీకుతుంటే మొదట్లో సణిగేది. ఒకనాడు, "ఏం రాస్తున్నవు పిల్లా, మీ అమ్మకు నా మీద చాడీలా?" అని అడిగేసింది. రోజారమణి భయపడి కార్డు చదివి వినిపించింది. విన్నాక శారదమ్మ, "గింతేనా? మంచిగున్నది. ఇంకోటున్నదా?" అంది. ఆనాటి నుంచి అలవాటైపోయింది. ఈమె చదవడం, ఆమె రాట్నం మీద నూలు కండె చుట్టుకుంటూ వినడం. కథ నచ్చకపోతే మొహమాటమేమీ లేదు. "నడిమిట్ల జర బంకలాగ సాగుతాంది, గా వాన కురిసిన ముచ్చట తీసెయ్యి" అనేది. "కండె నిండినా నీ కథ ఒడువలేదంటే అది కథ కాదు పిల్లా, పంచాయితి" అనేది. రోజారమణి నవ్వుకుంటూ వాన తీసేసేది. తీసేశాక చూస్తే కథ నిజంగానే నిలబడేది.

మేక సంగతి శైలజది. వాళ్ళ ఇంట్లో ఎప్పుడో అమ్మిన మేక తిరిగి వచ్చిందని కార్డులో ఒక వాక్యం రాసింది, అంతే. ఒడిబియ్యం సంగతి శారదమ్మది. తల్లిదండ్రులు పోయినాక ఆమె అన్నలు ఒక్క పండుగకూ పిలవలేదు. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఒకసారి పక్కింటి ఆడబిడ్డ ఒడి నింపుకొని వీధి వెంట పోతుంటే చూసి, "బియ్యానిదేమున్నది, మనింట్ల లేవా బియ్యం" అంది. అంటూనే లోపలికి వెళ్ళిపోయింది. ఆ రెండూ రోజారమణి మనసులో ఎట్లా కలిశాయో ఆమెకే తెలియదు. కథ రాసి అత్తకు చదివి వినిపించిన రోజు, చివరి మాట దగ్గర రాట్నం ఆగిపోయింది. శారదమ్మ తల ఎత్తలేదు. కండె తీసి పక్కన పెట్టి, "పంపు" అంది.

శైలజ ఆ తర్వాత ఎక్కువ రోజులు రాయలేదు. కార్డు అంటే మూత లేని కుండ. శైలజ ఊరి పోస్టుమాన్ నరసింహ వచ్చేవీ పోయేవీ చదువుతాడు, అతను చదివింది అరుగుల మీద వాళ్ళు వింటారు. శైలజ రాసిన కథలో పిసినారి మేనమామ ఒకడున్నాడు. ఆమె సొంత మేనమామ దాన్ని విని, నన్నే రాసింది అని ఇంటి మీదికి వచ్చాడు. పెద్ద గొడవ. 'ఇగ నాతోని కాదు రోజా' అని శైలజ రాసిన కార్డు చివరిది. మరి కొన్నాళ్ళకు రోజారమణికి ఉద్యోగం వచ్చింది. పిల్లలు, బదిలీలు, పదోతరగతి పేపర్లు. కథలు ఎప్పుడు ఆగిపోయాయో గుర్తు పెట్టుకునేంత పెద్ద సంఘటనేమీ జరగలేదు. ఆగిపోయాయి, అంతే.

కొట్టేసిన కాగితాలు పక్కన పడేసి రోజారమణి శైలజకు ఫోన్ చేసింది. ఏటికోసారి దసరాకు మాట్లాడుకోవడం తప్ప ఈ మధ్య కలిసిందే లేదు.

"నేను రాసిన కార్డులు ఒక్కటన్న ఉన్నదానే నీ దగ్గర?"

"ఎక్కడియే? ఇల్లు మారినప్పుడు మా అత్త నీళ్ళ పొయ్యిల పెట్టింది. నువ్వు మాత్రం దాసిపెట్టినవా నావి?"

"లేదు."

"మరి! కార్డులెందుకు గని, నువ్వొకసారి రా. చూడక శాన దినాలాయె."

తెల్లారి రాంచందర్ స్కూటరు మీద బస్టాండులో దింపాడు. దేవరకొండలో బస్సు మారి, గుట్టల మధ్య నుంచి, ఎండకు తెల్లబడిన మెట్ట చెలకల మధ్య నుంచి మిట్టమధ్యాహ్నానికి కల్వకుర్తి చేరింది. శైలజ బస్టాండుకే వచ్చింది. జుట్టంతా తెల్లబడింది, నడకలో ఆ దుడుకు మాత్రం అట్లాగే ఉంది. చూడగానే, "ఏమే, గిట్ల ముసలైపోయినవేందే?" అంది. "నీ కండ్లకు పొరలొచ్చినయేమో, చూపించుకో" అంది రోజారమణి. ఇద్దరూ చేతులు పట్టుకొని సోడాబండి దగ్గర నిలబడి ఎంతోసేపు నవ్వారు.

అన్నం తింటుంటే శైలజ చెప్పింది. "మా చిన్నమ్మకు పానం బాగలేదు. బక్కమ్మ చిన్నమ్మ, యాదికున్నదా? నా పెండ్లిల పాటలు పాడింది. చూసొద్దాం పా. నిన్ను చూస్తే సంబరపడ్తది."

ఆటోలో పోతే ఊరు ఎంతో దూరం లేదు. వేపచెట్టు కింద నులక మంచం, మంచం మీద బక్కమ్మ. శైలజ బాపుకు తమ్ముని భార్య. చూపు ఆనడం లేదు, కాళ్ళలో నీరు దిగింది. గొంతు మాత్రం గట్టిగానే ఉంది. పక్కనే దొడ్లో ఆమె కొడుకు కురుమయ్య ఒక బేరగానితో మాట్లాడుతున్నాడు. బేరగాడు ఒక తెల్ల మేక నోరు తెరిచి పండ్లు చూస్తున్నాడు.

శైలజ దగ్గరికి పోయి, "చిన్నమ్మా, నా సోపతిదాన్ని తోలుకొచ్చిన, నల్గొండ నుంచి" అంది. బక్కమ్మ చేయి చాపి రోజారమణి మొహం తడిమింది. "సాలోళ్ళ బిడ్డ గదా? పెండ్లికి ఎర్రచీర కట్టుకొచ్చినవు. తిన్నవా బిడ్డా?"

"తిన్న చిన్నమ్మా."

దొడ్లో మేక అరిచింది. బక్కమ్మ అటు చెవి పెట్టి, కొడుకును కేకేసింది. "అరే కురుమయ్యా, ఏ ఊరాయనరా గాయన?"

"పక్కూరే అవ్వా."

"పక్కూరోనికి అమ్మకు కొడుకా. దగ్గరూరికి అమ్మితె మ్యాక మర్లొస్తది. గుర్వమ్మ మ్యాక ముచ్చట మర్శినవా?"

కురుమయ్య నవ్వి బేరగానితో, "ఇగ మొదలుపెట్టింది మా అవ్వ" అన్నాడు. ఆ ముచ్చట అతను చిన్నప్పటి నుంచి వింటున్నదే. రోజారమణి మాత్రం వినలేదు. "ఏ గుర్వమ్మ చిన్నమ్మా?" అని మర్యాదకు అడిగింది.

"మా అమ్మగారి ఊర్లనే బిడ్డా. గుర్వమ్మని ఒకామె ఉండె. పిల్లల తీర్గ సాదుకున్నది మ్యాకను. మొగడు అంగట్ల అమ్మిండు. ఆమె ఆ దినం బువ్వ తినలే. పొద్దుగూకంగ వాకిట్ల మే అన్నదట. సూస్తె గదే మ్యాక! మెడకు తెగిన తాడు."

రోజారమణి శైలజ వైపు చూసింది. శైలజ కళ్ళు పెద్దవయ్యాయి.

"తెల్లారి కొన్నాయన రానే వచ్చె. గుర్వమ్మ ఏమన్నది? జర ఆగు అన్నా అన్నది. లోపటికి వోయింది. పసుపు కలిపిన బియ్యం శాటల పోసుకొచ్చి మ్యాక ముంగట వెట్టింది. బొట్టు వెట్టింది. మొగడు పకపక నవ్వె. పిచ్చి లేసిందానే నీకు, మ్యాకకు ఒడిబియ్యమేందే అనె. గప్పుడు గుర్వమ్మ అన్నది గదా, తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డను ఉత్తశేతులతోని తోలుతరా, నాకంటె పోసెటోళ్ళు లేకపోయిరి అని."

నిన్నంతా కూర్చొని రోజారమణి వెతికిన మాటలు అవి. ఒక్కటీ పుస్తకం మాట లేదు. తను అప్పుడు రాసినదానికన్నా కూడా నున్నగా, ఏటి రాళ్ళలాగా అరిగి ఉన్నాయి. కార్డు వచ్చిన రోజు శైలజ ఇంట్లో ఆడవాళ్ళకు చదివి వినిపించి ఉంటుంది. వాళ్ళు మంద దగ్గర, నాట్ల దగ్గర, బస్సుల్లో ఇంకెవరికో చెప్పుకొని ఉంటారు. మంచిది, కథ అయిపోయింది అనుకొని ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకోబోయింది.

బక్కమ్మకు కథ అయిపోలేదు.

"కొన్నాయన గదంత నిలవడి సూశిండు. మ్యాక బియ్యం తిన్నది. ఆయన తాడు పట్టనే లేదు. మల్లొస్త అని మర్లిపోయిండు. ఆయనది ఏ ఊరనుకున్నవు? గుర్వమ్మ తల్లిగారి ఊరే. పోయి సక్కగ ఆమె తమ్ముని ఇంటి ముంగట నిలవడ్డడు. మీ అక్క మ్యాకకు ఒడి నింపుతాందిరా, మీకు సిగ్గున్నదా అన్నడు. మూడొద్దులకు మల్ల వచ్చిండు. ఎన్క గుర్వమ్మ తమ్ముడు. మ్యాకకు వచ్చిన్రా అని మొగడడిగె. మ్యాకకు రాలే బావా, అక్కను తోలుకపోను వచ్చిన అన్నడు. అక్కా, నడువు, అమ్మ ఏడ్సుకుంట పిలుస్తాంది అన్నడు."

బేరగాడు కూడా మేకను వదిలేసి వింటున్నాడు.

శైలజ ఇక ఆగలేకపోయింది. "చిన్నమ్మా, గా కథ..." అని మొదలుపెట్టింది. రోజారమణి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. వద్దన్నట్టు తల ఊపింది. శైలజ నోరు మూసుకుంది.

రోజారమణి మంచం పట్టె మీద ముందుకు జరిగింది. "తమ్ముడు ఏం తెచ్చిండు చిన్నమ్మా, అక్కకు?"

"ఏం తెస్తడు బిడ్డా, ఉత్త శేతులే. లేనోళ్ళు. పిలుసుడే ఎక్కువాయె ఆమెకు."

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో శైలజ నిలదీసింది. "ఎందుకు చెప్పనియ్యలేవే? నీ కథ అది. నువ్వు పుట్టించినవు ఆ మనిషిని."

"నేను పుట్టించిన. వాకిట్ల నిలవెట్టి వదిలేసిన. అప్పుడు మనకు ఎంతుంటయే, ఇరవై నాలుగా, ఇరవై ఐదా? ఏడిపిస్తేనే మంచి కథ అనుకునేటోళ్ళం. వీళ్ళకు ఆమెను అట్ల వదిలేయబుద్ధి కాలే శైలూ. ఎవరో ఒకామె, మీ చిన్నమ్మో, ఇంకొకామెనో, తమ్ముణ్ణి పంపింది."

"మా చిన్నమ్మను గూడ తల్లిగారోళ్ళు పిలవలేదే ఎన్నడు" అంది శైలజ, బయటికి చూస్తూ.

నల్గొండకు వచ్చాక రోజారమణి ఒక్క ఊపులో కథ రాసేసింది. కలం ఎక్కడా ఆగలేదు. బక్కమ్మ గొంతు చెవిలో ఉంది. ఆ గొంతు వెనక, తను వద్దనుకున్నా, శారదమ్మ గొంతు కూడా ఉంది. ఎక్కడన్నా ఒక మాట ఎక్కువైతే, నడిమిట్ల సాగుతాంది పిల్లా అంటున్నట్టే ఉంది. రాయడం అయినాక రాంచందర్‌కు చదివి వినిపించింది. తమ్ముడు వచ్చే చోట అతను చాయ గ్లాసు కింద పెట్టాడు.

"ఇది నువ్వు రాసినవా?"

"నేను రాసింది మేక బియ్యం తినే దాంక. తర్వాతది వాళ్ళు కలుపుకున్నరు."

అతను గ్లాసును పక్కకు జరిపి అన్నాడు. "మా మామ వచ్చిండు ఒక్కసారి. అమ్మ పోయినంక. చీర పట్టుకొచ్చిండు, అమ్మ మీద కప్పెతందుకు."

ఆ రోజు ఆ చీర రోజారమణే అందుకుంది. లేత ఆకుపచ్చ రంగు. అత్తకు ఆ రంగు ఎంత ఇష్టమో ఆమె అన్నకు ఎట్లా గుర్తుందా అని ఆశ్చర్యపోయింది కూడా. గుర్తుండీ ఎందుకు రాలేదో అడగడానికి అప్పుడు నోరు రాలేదు.

సంధ్య కథ చదువుకొని సంబరపడింది, వెంటనే ఇరకాటంలో పడింది. "మేడమ్, చివరిది మీది కాదంటున్రు. మరి రచయిత్రి పేరు ఎవరిది పెట్టాలె?"

"ఇద్దరివి పెట్టు. నాది, బక్కమ్మది."

"ఆమె ఒప్పుకోవాలె గద."

అదీ నిజమే. రోజారమణి ఫోన్ చేస్తే శైలజ మళ్ళీ ఊరికి పోయి, ఫోను బక్కమ్మ చెవికి ఆనించింది. రోజారమణి జాగ్రత్తగా చెప్పింది. "చిన్నమ్మా, నువ్వు చెప్పిన మేక ముచ్చట పుస్తకంల వేస్తున్నరు. నీ పేరు పెడ్తరట. పెట్టమందువా?"

"నా పేరెందుకు బిడ్డా?" బక్కమ్మకు కోపం వచ్చినట్టుంది. "నేనేం జేసిన? మ్యాక నాదా? గుర్వమ్మ పేరు వెట్టుమను. పాపం ఆమె అన్ని తిప్పలు వడ్డది."

అవతల శైలజ నవ్వు ఆపుకోలేక ఫోను కింద పడేసినట్టుంది, ధబ్బుమని చప్పుడైంది. రోజారమణికి నవ్వు రాలేదు. తను పేరు కూడా పెట్టకుండా వదిలేసిన ఆడమనిషి, ఒక కార్డు మీద పుట్టి, ఎన్ని నోళ్ళు దాటుకుంటూ పోయిందో, ఎక్కడ పేరు సంపాదించుకుందో, ఎప్పుడు బక్కమ్మ తల్లిగారి ఊరికి చేరి అక్కడ ఇల్లు కట్టుకుందో. ఇప్పుడు ఆమె తిప్పలకు సాక్ష్యం చెప్పే మనుషులు కూడా ఉన్నారు.

వానలు పడ్డాక పుస్తకం వచ్చింది. సన్నటి పుస్తకం, అయినా అందులో ఎంతమంది ఆడవాళ్ళో. బీడీలు చుట్టిన చేతులతో రాసినవాళ్ళు, అంగన్‌వాడీలో పనిచేస్తూ రాసినవాళ్ళు, ఒకే ఒక్క కథ రాసి మాయమైనవాళ్ళు. కొందరి పేర్ల కింద ఊరు కూడా తెలియదు. 'గుర్వమ్మ మేక' మొదటి కథ. కింద, రోజారమణి, బక్కమ్మ అని రెండు పేర్లు. బక్కమ్మను చివరికి శైలజే ఒప్పించింది. గుర్వమ్మ లేదు కదా, ఆమె తరఫున నువ్వు సంతకం పెట్టినట్టు అని చెప్తే సరేనందట.

గ్రంథాలయంలో చిన్న సభ పెట్టారు. వచ్చినవాళ్ళు కుర్చీల కంటే తక్కువే. బక్కమ్మ రాలేకపోయింది. శైలజ వచ్చి, బక్కమ్మ చెప్పినట్టే చెప్తానని, పుస్తకం మూసి పక్కన పెట్టి కథ చెప్పింది. తమ్ముడు "నడువు అక్కా" అన్న చోట ముందు వరుసలో ఒకామె ముక్కు చీదింది. తర్వాత పెద్దమనుషులు చిన్నకథ ప్రాశస్త్యం మీద చాలాసేపు మాట్లాడారు. వాటిలో ఒక్కటి కూడా శారదమ్మ ముందు నిలిచేది కాదని రోజారమణి అనుకుంది.

సభ అయ్యాక చెప్పులేసుకుంటుంటే ఒక కాలేజీ పిల్ల దగ్గరికి వచ్చింది. సంధ్య శిష్యురాలట. పుస్తకం గుండెకు ఆనించుకొని ఉంది. ఏదో అడగాలని ఉండి అడగలేక నిలబడింది.

"ఏంది బిడ్డా?" అంది రోజారమణి.

"గుర్వమ్మ... మల్ల ఎప్పుడన్న పోయిందా మేడమ్, తల్లిగారింటికి? ఆ ఒక్కసారేనా?"

ఇది కథమ్మా, అని చెప్పడానికి రోజారమణి నోరు తెరిచింది. పక్కన శైలజ తనవైపే చూస్తోంది. ఆ పిల్ల మొహంలో ఆత్రం చూస్తే, ఎవరో ఒకామె గుర్వమ్మ వాకిట్లోకి తమ్ముణ్ణి ఎందుకు పంపిందో మరింత బాగా అర్థమైంది.

"ఏటేటా పోయింది బిడ్డా" అంది. "తమ్ముడే వచ్చి తోలుకపోయేటోడు. బియ్యం ఎంత లావు పోసేటోళ్ళంటే, మోయలేక బండి కట్టించుకొని వచ్చేదట."

పిల్ల మొహం విప్పారింది. "మా ఊరి బస్సు ఉన్నది మేడమ్, పోయొస్త" అని గబగబా మెట్లు దిగిపోయింది. శైలజ రోజారమణి భుజం మీద చేయి వేసి, "బండి ముచ్చట మంచిగున్నదే. మా చిన్నమ్మకు చెప్పాలె" అంది.